మజిలీ నిర్ణయము: అనంతపుర మండలపు బాటలును, సముద్రతీరపు బాటయును

ప్రయాణమునకు బూనినవాడు దారినిగూర్చి యడుగుటకు ముందే దిగవలసిన చోటునుగూర్చి యడుగును. పగటి నడక కాళ్లకు సంబంధించినది. రాత్రి విడిది ప్రాణమునకు సంబంధించినది. కావున నొక దేశమునందలి ప్రజలు బాటసారికై యెట్టి తావులను నిర్మించిరో, బాటసారి వానిలో దేని నేల వరించెనో విచారించినచో నా దేశచరిత్రము కొంత బోధపడును. రాజుల వంశావళులును, యుద్ధముల తేదులును జెప్పని సంగతులను సత్రపు గోడయు, దిగుడుబావి మెట్టును జెప్పగలవు.

నేడు సముద్రతీర ప్రయాణమును వేడుకగా జేయువా రనేకులు. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు బోవు దారిలో నొకవైపు గొండలును, ఒకవైపు గడలియు నుండును. బాపట్లకడ సూర్యలంక యిసుకతిన్నెలు గలవు. కోనసీమయందు దిండియొద్ద గోదావరిపాయలో దేలియాడు నౌకాగృహములు గలవు. అనంతపురము, ధర్మవరము, హిందూపురము మొదలగు నూళ్లవారును సెలవుదినములందు బోయి యిట్టి చోటుల దిగుచున్నారు. ఏ విడిదినుండి కడలి చక్కగా గనబడును, ఏ విడిది తక్కినవానికంటె విలక్షణమైనది యని వారు విచారింతురు. ఈ విచారము తప్పుగాదు. కాని యీ మెట్టనేలయందు వారి పూర్వులు మజిలీని నిర్ణయించుకొన్న రీతి వేఱు. ఆ రీతిని జ్ఞప్తికి దెచ్చి, రెంటిని బోల్చి చూచుటయే యీ వ్యాసమున కుద్దేశము. మండలమనగా నిందు బూర్వవ్యవహారము ననుసరించి జిల్లా యని గ్రహింపవలెను. 2022లో ననంతపురమునుండి వేఱుపడిన శ్రీ సత్యసాయి జిల్లాయు నిందు జేరినదే.

1. శబ్దవిచారము

"మజిలీ" యనునది యరబ్బీభాషలోని "మంజిల్" శబ్దమునుండి వచ్చినది. దాని మూలధాతువున కర్థము దిగుట. మన "దిగు" ధాతువును నట్లే వాహనమునుండి దిగుటను, ఒకచోట బసచేయుటను రెంటిని దెలుపును. పరస్పర సంబంధములేని రెండు భాష లొకే భావమును నొకే క్రియతో జెప్పుట వింతయే. బరువు దించుకొనుటయే బసకు మొదటి లక్షణమని యుభయులును గ్రహించిరని దానివలన దేలుచున్నది. "సత్రము" సంస్కృతమందలి సత్త్రశబ్దము. వేదమున నది బహుదినములు సాగు సోమయాగమునకు బేరు. యాగవాచకమైన యా పదము కాలక్రమమున నన్నము పెట్టు గృహమునకు బేరైనది. "చావడి" గ్రామమున నలుగురు గూడు తావు. ఆంగ్లేయు లా మాటనే "చౌల్ట్రీ" యని మార్చుకొని సత్రములన్నింటికిని వాడిరని నిఘంటుకర్తలు చెప్పుదురు. "చలివేంద్రము", "చలిపందిరి" యనునవి కేవలము నీటిదానమునకై యేర్పడిన మాటలు.

ఈ నాలుగు మాటలను గలిపి చూచినచో బసకు నాలుగంగములు గలవని తెలియును: బరువు దించుట, అన్నము, నలుగురి యండ, నీరు. దేశమునుబట్టి వీని వరుస మాఱును. సస్యసమృద్ధిగల చోట నీరు చివరి మాట. అనంతపురమున నదియే మొదటి మాట.

విలక్షణమైన బసను గోరుట మన వాఙ్మయమున గొత్తగాదు. మధిర సుబ్బన్నదీక్షితుల (1868-1928) కాశీమజిలీ కథలందు మణిసిద్ధుని శిష్యుడైన గోపుడు ప్రతి మజిలీయందును నూరు చుట్టివచ్చి, తాను జూచిన వింతను గురువున కెఱిగించి దాని కథ నడుగును. వింతలేని మజిలీ వానికి రుచింపదు. అయినను గోపుడు వింతను వెదకబోవుటకు ముందు గురువు స్నానమునకును, వంటకును జలసౌకర్యమున్న తావు చూచుకొనక తప్పునా? కథలయందు మనము వింతనే చదువుదుము. జలసౌకర్యము ముందే కుదిరినదని యూరకుందుము. చరిత్రమున నట్లూరకుండరాదు.

2. సముద్రతీరపు బాట

తీరమార్గమున మజిలీలెట్లు నిర్ణయింపబడెనో తెలిసికొనుటకు దెలుగున మనకు గల యుత్తమసాధనము ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. ఈయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషి. 1830 మే 18వ తేదీన బయలుదేఱి, 1831 సెప్టెంబరు 3వ తేదీన దిరిగి యిల్లు చేరెను. తాను జూచినవెల్ల స్నేహితుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసి పంపుచుండెను. 1836లో వీరాస్వామయ్య గతించినపిదప 1838లో శ్రీనివాసపిళ్ల దానిని ముద్రింపించెను. 1941లో దిగవల్లి వేంకటశివరావు దానిని సంస్కరించి మరల బ్రకటించెను. పోవునపుడు వీరాస్వామయ్య కడప, కర్నూలు, హైదరాబాదుల మీదుగా లోపలి బాటను బోయెను. వచ్చునపుడు జగన్నాథమునుండి గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరుల మీదుగా దీరపు బాటను వచ్చెను. ఒక్క మనుష్యుడే రెండు బాటలను నడచి వ్రాసియుండుటచే నా గ్రంథము మన విచారమున కత్యంతోపయుక్తము.

ఆయన పల్లకీతోను, డేరాలతోను, బరివారముతోను బ్రయాణించెను. గుడారము వెంటనున్నవాని కిల్లు దొరకకున్నను గడచును. అట్టివాడును బ్రతి యూరిపేరు వ్రాయునప్పుడు నీటివసతి యెట్టిది, అంగళ్లు గలవా, బ్రాహ్మణగృహములు గలవా, సత్రమున్నదా, రస్తా యెట్టిది యను నీ సంగతులనే తఱచుగా వ్రాసెను. దృశ్యములను జూచి యానందింపనివాడు గాడు; కొండలు, నదులు, దేవాలయములు, జనుల యాచారములు మొదలగువానిని సావధానముగా వర్ణించినవాడే. అయినను మజిలీని దృశ్యమునుబట్టి నిర్ణయింపలేదు. వెనుక వచ్చు యాత్రికున కేది యుపకరించునో దానినే ముందు చెప్పెను.

తీరమున నీటికేమి కొదువ యని కొందఱు శంకింపవచ్చును. సముద్రము చూపునకు జలనిధి, దప్పికకు మరుభూమి. కడలియొడ్డున బావి త్రవ్వినచో దఱచుగా నుప్పునీరే పడును. ఇసుకదిబ్బలలో వాననీరు నిలిచినచోట మాత్రము లోతులేని గుంటలలో దియ్యనీరు దొరకును. ఆ గుంటలనుబట్టియే తీరపు బల్లెలును, బాటసారుల దిగుడులును నేర్పడినవి. కావున దీరమునందును మజిలీ నిర్ణయము నీటితోనే మొదలిడినది. అయిన నొక్క భేదము గలదు. తీరమున నొకచోట నీరుప్పనైనచో నామడ దూరములో మఱియొకచోట దియ్యనిది దొరకుననెడి యాశ యుండును. కాలువ యుండును, నదీముఖ ముండును. అందుచే నచ్చటి బాటసారికి నీరు దొరకినపిదప నితరగుణములను విచారించి యేఱుకొనుట కవకాశము గలిగెను.

ఆ యితరగుణములలో నభయ మొకటి. బాపట్ల మండలమందలి మోటుపల్లిలో 1244లో గాకతి గణపతిదేవుడు వేయించిన శాసన మిందుకు సాక్షి. తుపానుచే నావ పగిలి యొడ్డునకు గొట్టుకొనివచ్చిన వర్తకుల సొమ్మును బూర్వరాజులు హరించుచుండగా, నియమితమైన సుంకము తప్ప మఱేమియు గొనమని యా శాసనమున రాజు పరదేశులకు మాట యిచ్చెను. కడలినుండి దిగినవానికి గావలసిన మొదటి బస రాజు మాటయే గదా! రెండవగుణ మన్నము. గోదావరీపాయల నడుమ లంకలగన్నవరమున డొక్కా సీతమ్మ (1841-1909) యను గృహిణి తన యింటికి వచ్చిన బాటసారుల కెల్ల వేళాపాళా లేక యన్నము పెట్టి లోకవిఖ్యాతి గాంచెను. ఒక యిల్లాలి వంటయిల్లే సత్రమగుట కామె యౌదార్యము ముఖ్యకారణము. ఆ నేల వరిపంటయు నుపకారణము. ఈ మాటను జదువరులు గుఱుతుంచుకొందురుగాక. మెట్టనేలయందలి ధర్మమున కీ యుదాహరణమే కొలకఱ్ఱ కాగలదు.

3. అనంతపురపు మెట్ట

తీరమునువిడిచి పడమరకు నడచి తూర్పుకనుమల నెక్కి దాటినచో బాటసారి మఱియొక లోకమున బ్రవేశించును. నైరృతి ఋతుపవనపు మబ్బులు పడమటికనుమలకు దమ నీటిని సమర్పించి యనంతపురమునకు వట్టిచేతులతో వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమును దడిపి, యింతదూరము వచ్చుసరికి డస్సిపోవును. తీరమండలములందు బలుచోట్ల నేటికి వేయి మిల్లీమీటర్లు గురియగా, నిచ్చట సగటున నించుమించుగా 550 మిల్లీమీటర్లే కురియును. పెన్న, చిత్రావతి, హగరి యను నదులు పేరునకు నదులే కాని, సంవత్సరమున నధికభాగ మిసుకబాటలు. కఱవులో నధికమాసమన్న సామెతను మఱియొకచోట నవ్వుచు జెప్పుకొందురు. ఇచ్చట నెవ్వరును నవ్వరు.

ఇట్టి దేశమున బావి త్రవ్వుటయన మెత్తని మన్ను ద్రవ్వుట గాదు; ఱాతిని బగులగొట్టుట. చెఱువు గట్టుట యంతకంటె గష్టము. పొరుగున గడప మండలమందలి పోరుమామిళ్ల చెఱువు శాసనమును జూడుడు. బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు 1369లో వేయించిన యా శాసనమున జెఱువునకు గావలసిన పండ్రెండు సాధనములును, విడువవలసిన యాఱు దోషములును జెప్పబడినవి. వేయిమంది కూలివాండ్రును, ఱాతిపనికి నూఱు బండ్లును రెండు సంవత్సరములు పనిచేసినట్లు గూడ నా శాసనమే చెప్పుచున్నది. ఏ గృహస్థు డింత వ్యయమునకు దాళగలడు? తీరమున నొక గృహిణి చేయగలిగిన యతిథిధర్మము మెట్టనేలయందు రాజో, నాయకుడో, దేవాలయమో, గ్రామమంతయో పూనిననే నెఱవేఱును. ఇచ్చటి గృహస్థునకు దయ లేదని కాదు. వచ్చినవానికి దన జొన్నరొట్టెలోనో, రాగిసంగటిలోనో భాగము పెట్టినవాడే. కాని కడవెడు నీ రెక్కడినుండి తెచ్చును?

అనంతపుర పట్టణమే యిందుకు బ్రథమోదాహరణము. బుక్కరాయల మంత్రియగు చిక్కప్పయొడయరు పండమేరు నడ్డగించి పెద్దచెఱువును గట్టింపగా, గట్టుకు రెండు కొనలను బుక్కరాయసముద్రము, అనంతసాగరము నను నూళ్లు వెలసినవని స్థలచరిత్రము చెప్పుచున్నది. ఊరికై చెఱువు గాదు, చెఱువునకై యూరు. అనంతపుర సంస్థానపు హండెవారి కథలను జెప్పు నీ చరిత్రమును బ్రౌనుదొర 1853లో బ్రకటించెను. అందే ముసలమ్మ కథయు గలదు. చెఱువుకట్ట తెగనుండగా, బసిరెడ్డి కడగొట్టుకోడలగు ముసలమ్మ బలియైననే కట్ట నిలుచునని వాణి పలికెనట. ఆమె తనంతట బోయి కట్టలో బ్రవేశించెనట. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రచించిన ముసలమ్మ మరణమను కావ్యమున కిదియే మూలము. కథ యథార్థమా కాదా యను విచార మట్లుండనిండు. ఒక చెఱువుకట్ట యొక నిండుప్రాణమంత విలువగలదని నమ్మిన జనుల దేశమిది. ఆ కట్టమీది చెట్టునీడను నిద్రించిన బాటసారి తాను దిగిన చోటు విలువ నెఱిగియే నిద్రించియుండును.

4. దేవాలయములును, చెట్లును

విజయనగర రాజ్యకాలమున నిచ్చటి ముఖ్యమైన బసలు దేవాలయ మండపములు. 1565లో దళ్లికోట యుద్ధానంతరము రాజధాని పెనుగొండకు మాఱుటకు బూర్వమే యీ సీమ రాజమార్గములకు గూడలిగా నుండెను. లేపాక్షిలో నచ్యుతదేవరాయల కాలమున (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు వీరభద్రాలయమును వృద్ధిచేసిరి. ఆలయమునకు బోవు విద్వాంసులు పైకప్పు చిత్రములను, ఏకశిలానందిని, వ్రేలాడు స్తంభమును జూచి వత్తురు. ప్రాకారపు లోపలివైపున స్తంభములవరుసతో దిరిగివచ్చు మండపమును మాత్రము నిలిచి చూచువా రరుదు. ఎండకును, గాలికిని మఱుగైన యా నిడుపాటి మండపము యాత్రికులకును, వర్తకులకును దిగుటకై యేర్పడినదనుట యుక్తము. ఆవరణలో ఱాతినేలయందు దొలిచిన తళియలవంటి గుంటలు గలవు. అవి శిల్పులు భుజించిన పళ్లెరములని జనులందురు. రంగులు నూఱుకొనుటకని మఱికొందఱందురు. ఏ పక్షము నిజమైనను దేవునకు గట్టిన చోట మనుష్యుని యాకలికిని, పనికిని దావు చూపబడినదనుట స్పష్టము.

తాడిపత్రిలో బెన్న యొడ్డున బెమ్మసానివారి నాటి బుగ్గ రామలింగేశ్వరాలయము గలదు. బుగ్గయన నూట. లింగముకడ నెల్లప్పుడు నీరూరుచుండుటచే స్వామికే యా పేరు వచ్చినది. ఎదుట నదియంతయు నిసుకయైనను లోపల నూట తడియాఱదు. గోపురముల శిల్పము మిక్కిలి ప్రశస్తమైనది. కాని జనులు దేవునకు బేరుపెట్టునపుడు శిల్పమును దలపలేదు, నీటిని దలచిరి. మెట్టనేలవారి చిత్తవృత్తికి నింతకంటె నిదర్శనమేల?

నీటి తరువాత నీడ. కదిరికి సమీపమున దిమ్మమ్మ మఱ్ఱిమాను గలదు. ఒక్క చెట్టే యూడలుదిగి యైదెకరములకు మించి వ్యాపించియున్నది. 1989లో నది ప్రపంచమున నెల్ల విరివియైన చెట్టుగా గిన్నెసు గ్రంథమున నెక్కినది. సహగమనము చేసిన తిమ్మమ్మ పేర నా చెట్టు వెలసినదని స్థలకథ. గోడలు లేక, కప్పు మాత్రమే గల సత్రమది. దానిని గట్టినవాడు లేడు, దాని కెవ్వరును మాన్యమీయలేదు. విలక్షణమైన విడిది కావలెనని తీరమున కేగువారు తమ మండలమునందే యిట్టిది యున్నదని యెఱుగుదురా?

5. గుత్తి: ఒక కోటయు, ఒక సత్రమును

ఈ విచారమునకు గుత్తి హృదయస్థానము. గుత్తికోట కొండ శిఖరముననున్న దుర్గము. వాననీరు నిలుచుటకు ఱాతిలో దొలిచిన కోనేళ్లనేకము లందు గలవు. ఘోర్పడే మురారిరావున కది నివాసము. 1776లో హైదరలీ ముట్టడించినపుడు చాలదినములు కోట పట్టుబడలేదు. పిదప సంధి ప్రసంగములు జరిగెను. చరిత్రకారుడు విల్క్సుదొర వ్రాసినదానినిబట్టి, కోటనుండి పణముగా వచ్చిన యొక యువకుని శత్రుశిబిరమున బహుమర్యాదతో నాదరించి, మాటలలో బెట్టి యడుగగా, లోపల మూడు దినములకు సరిపడు నీరు మాత్రమే మిగిలియున్నదని వాడు నోరుజాఱెనట. హైదరు వెంటనే యేదో నెపము పన్ని సంధిని ద్రోసివైచి వేచియుండెను. నీరు తీఱగనే మురారిరావు లొంగిపోయెను.

కొండను, గోడలను, ఫిరంగులను గెలువలేనివాడు కడవలో నడుగంటిన నీటిచే గెలిచెను. అంతియగాదు, అతిథిమర్యాదయే యిచ్చట శత్రూపాయమైనది. పరాయివాని కూడు తినునపుడు నాలుకను గాచుకొనవలెనను పెద్దల మాట కింతకంటె దుఃఖకరమైన దృష్టాంతము మఱొకటి లేదు.

ఇక సత్రము కథ. 1800లో నైజాము దత్తమండలములను గుంఫిణీవారి కిచ్చిన పిదప 1807 వఱకు సర్ తామసు మన్రో వాని ముఖ్యకలెక్టరుగా నుండెను. పిదప జెన్నపట్టణమునకు గవర్నరై, పదవి విడుచుటకు ముందు తన పూర్వపుసీమను గడపటిసారి చూడవచ్చి, 1827 జూలై 6వ తేదీన బత్తికొండయొద్ద విషూచిచే మృతిజెందెను. శవమును గుత్తికి గొనివచ్చి పూడ్చిరి. 1831లో నస్థులను జెన్నపట్టణపు గోటలోని దేవళమునకు మార్చిరి. ఆయన జ్ఞాపకార్థము జరిగిన పనులను బోల్చి చూడుడు. చెన్నపట్టణమున షాంట్రే శిల్పి పోతపోసిన యశ్వారూఢవిగ్రహమును 1839లో నిలిపిరి. పత్తికొండయందు ఱాతికట్టుబావి త్రవ్వించి చింతతోపు వేయించిరి. గుత్తియందు బాటసారులకు సత్రమును, బావిని గట్టించిరి.

తీరపట్టణమున విగ్రహము, మెట్టనేలయందు బావి. గతించినవా డొక్కడే, జ్ఞాపకము చేసికొన్న రీతులు రెండు. తీరమునందలివారు చూచుటకొక వస్తువును గోరిరి. మెట్టనేలకు ద్రాగుటకు నీరును, దిగుటకు నీడయు గావలసెను. పరదేశీయుడైన పాలకునిగూర్చి మన కెట్టి యభిప్రాయమున్నను, ఏ జ్ఞాపకచిహ్న మీ నేలకు దగునో దానిని నిర్ణయించినవారి వివేకమును మెచ్చక తప్పదు. కోట నీరులేక పడిపోయిన యూరి క్రిందనే యేబది సంవత్సరముల పిదప నొక బావితో గూడిన సత్రము లేచుట యాదృచ్ఛికమే కావచ్చును. చరిత్రము చదువువాని కది యాదృచ్ఛికముగా దోపదు.

6. శాసనము, కఱవు, ధూమశకటము

సత్రములకు రాజులిచ్చిన మాన్యములను దినివేయువారు ప్రతికాలమందును గలరు. 1817లోని చెన్నపట్టణపు ఏడవ రెగ్యులేషను దేవాలయములు, మసీదులు మొదలగువానితోబాటు సత్రములును, వంతెనలును వాని వాని ధర్మమునకే వినియోగింపబడవలెనని విధించి, పర్యవేక్షణమును రెవిన్యూబోర్డున కప్పగించెను. బాటసారి బస చట్టపుబుస్తకమున దేవుని గుడిప్రక్కన నెక్కెను.

ఆ పిదప వచ్చిన రెండు మార్పులు మజిలీల చరిత్రమును దిరుగవేసినవి. మొదటిది ధూమశకటము. చెన్నపట్టణపు రైలుదారి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లుల మీదుగా 1871లో రాయచూరునకు జేరెను. బాటసారి దినమునకొక మజిలీ చొప్పున నడచుట మాని, రాత్రియంతయు గూర్చుండి పోదొడగెను. స్టేషనుకడ గుళాయి వచ్చినది. పాతబాటపై బావికి బూడిక వచ్చినది. రెండవది 1876-78 నాటి మహాక్షామము. 1882లో ననంతపురము వేఱు మండలముగా నేర్పడుటకు ముందు నదంతయు బళ్లారి మండలములోనిది. ఆ మండలము క్షామమునకు గుఱియైనవానిలో మొదటివరుసలోనిది. అప్పుడు బాటలపై నడచినవారు యాత్రికులు గారు. ఎచ్చట గంజి పోయుదురో యని పోవువారు. 1877లో సర్ రిచర్డు టెంపిల్ కూలికి దినమున కొక పౌను ధాన్యమును, ఒక యణాయు మాత్రమే చాలునని నియమింపగా దానిపై గొప్ప వివాదము గలిగెను. నాటి వారికి మజిలీయన బ్రదుకుటకో, చచ్చుటకో దిగిన చోటు.

ఆ సమయముననే కడలి యనంతపురమున కుపకరించెను. బంగాళము, బర్మాలనుండి ధాన్యపు నౌకలు చెన్నపట్టణమునకు వచ్చెను. అచ్చటినుండి రైలుపై ధాన్యము దత్తమండలముల కెక్కెను. తీరమును వెంబడించి పోవు బకింగుహాము కాలువ భాగములను గలుపుపనియు నా క్షామమునందే కూలివాండ్రచే జరిగెను. ఆ నాడు మెట్టనేలవారికి సముద్రము దృశ్యము గాదు. అన్నము వచ్చు దారి. నేడా కాలువయొడ్డున వేడుకకై నడచువారిలో నీ సంగతి నెఱిగినవా రెందఱు?

ఇటీవలి కాలమునను వరుస మాఱలేదు. చిత్రావతి యొడ్డున బుట్టపర్తికి దేశదేశములనుండి యాత్రికులు వచ్చి దిగుచుండగా, 1995-96లో శ్రీ సత్యసాయి త్రాగునీటి పథకము మండలమందలి యేడువందలకు బైగా గ్రామములకు నీరిచ్చెను. యాత్రాస్థలమై ప్రసిద్ధికెక్కిన యూరినుండి చుట్టుపట్ల యూళ్లకు నీరు నడచుట యీ నేల పూర్వమర్యాదకు దగినదే.

7. ఫలితార్థము

శ్రీనాథుని పేర బ్రచారములోనున్న చాటువులలో బల్నాటిసీమయందలి నీటికొఱతను, కూటికొఱతను నిందించునవి కొన్ని గలవు. అవి యాయనవియే యగునా కాదా యను వివాద మట్లుండ, నా చాటువుల ధోరణి మాత్రము మన విచారమున కనుకూలము. కృష్ణాతీరపు సౌఖ్యముల కలవాటుపడిన ప్రయాణికుడు మెట్టనేలయందు దిగినపుడు తన కలవాటైనది లేదని నిందించును. అచ్చట నున్నదేమో విచారింపడు. నేడును ననంతపురమున జూడదగినదేమున్నది, దిగదగిన చోటేమున్నది యని యడుగువారు గలరు. వారికి మన ప్రత్యుత్తర మిది: ఇచ్చట దిగదగిన చోటులన్నియు నెవరో యొకరు గొప్ప ప్రయాసతో నీటిని నిలిపిన చోటులు. అందుచే బ్రతిదానికి నొక చరిత్రము గలదు. తీరమున బ్రకృతి యిచ్చిన దృశ్యమునకు జరిత్రకర్త యక్కఱలేదు. మనుష్యుడు నిలిపిన నీటికి జరిత్రకర్త కావలెను.

తీరమునకు బోవువారిని బోవలదనుట మా యభిప్రాయము గాదు. పోవుదురుగాక, కడలి నానందముగా జూతురుగాక. విడిది నిర్ణయించుకొనునపుడు మాత్రము మెట్టనేల నేర్పిన ప్రశ్నను మఱవకుందురుగాక: ఈ యింటి నీ రెచ్చటిది? ఈ విడిదికై త్రవ్విన లోతుబావిచే నిసుకదిబ్బక్రింది తియ్యనీరు తఱిగి, ప్రక్కనున్న పల్లెవాని గుంట యుప్పనగుచున్నదా? కడలికంటె దియ్యనీటి విలువ నెక్కువగా నెఱిగినవాడు మెట్టనేలవాడు; కావున దీరమున నీ ప్రశ్న నడుగుట కతడే యధికారి.

ఇంటికి మరలివచ్చినపిదప వారు చేయదగిన పనియు నొకటి గలదు. ఈ మండలమందలి పాతబాటలపై నున్న సత్రములు, దిగుడుబావులు, చలివేంద్రపు ఱాళ్లు, తోపులు వేనికిని సమగ్రమైన పట్టిక లేదు. గొట్టపుబావులు వచ్చినపిదప బాతబావులెండి, చెత్తకు గుంటలైనవి. బావిగోడలో నిమిడ్చిన శాసనపు ఱాయి బావితోనే పూడిపోవును. పూడినపిదప దానిని జదువువాడుండడు. దేవాలయ శాసనములను సేకరించుటకు బండితు లెంతయో శ్రమించిరి. బాటసారి శాసనములకును నంత శ్రమ గావలసియున్నది. పాఠశాలలందలి పండితులు తమ శిష్యులతో నొక్కొక్క యూరి పాతబాటను నడచి, ఎచ్చట నీరుండెనో, ఎవరు నిలిపిరో, నేడేమైనదో వ్రాయించినచో బదిసంవత్సరములలో నొక మండలచరిత్రము సిద్ధమగును. కాశీకి బోయి వచ్చు దారిలో వీరాస్వామయ్య యొక్కడే యూరూర నీటివసతిని గుఱుతువ్రాసికొనగలిగెను. ఒక మండలమంతయు బూనినచో నది యసాధ్యమగునా? విజ్ఞులు విచారింతురుగాక.